పేరు కొట్టేసిన ఏడాది

గురువమ్మ ఆ పట్నంలో ఇరవై తొమ్మిదేళ్లు రోడ్లు ఊడ్చింది. రాయగడ నుంచి కోరాపుట్ వైపు కొండలెక్కే రైలు రెండు నిమిషాలు ఆగి వెళ్లిపోయే పట్నం అది. పార్వతీపురం దగ్గర పల్లె నుంచి సోములును పెళ్లాడి వచ్చినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. అత్త తవిటమ్మ పోయాక ఆమె చీపురు ఈమె చేతికొచ్చింది. రైలు గేటుకి ఇవతల బజారు, ఆఫీసులు. అవతల వీళ్ల వీధి. బజారువాళ్లు ఆ వీధివాళ్లందర్నీ కలిపి గేటవతలోళ్లు అనేవారు. ఏ ఇంట్లో ఏ చెంబు పోయినా ముందు గేటవతలికే చూసేవారు. ఆ చూపు తిట్టూ కాదు, కోపమూ కాదు, అలవాటు. వాన వచ్చేలా ఉంటే కొండ వైపు చూసినట్టు చూసేవారు.

వాళ్లకి పిల్లలు నిలవలేదు. ఎవరైనా అడిగితే గురువమ్మ రెండు వేళ్లు చూపించేది. అంతకుమించి చెప్పేది కాదు.

సోములు నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పేవాడు. పొద్దున్న ఆరింటికి బజారు వీధులకి, ఏడింటికి ఆఫీసు కాలనీకి, ఎనిమిదింటికి గేటవతలకి నీళ్లు వదిలేవాడు. పురపాలక ఆఫీసులో అతనిది రోజుకూలీ పనే. పర్మనెంటు చేస్తామని కౌన్సిల్ మారినప్పుడల్లా ఒకరు చెప్పేవారు. పర్మనెంటు అయితే జబ్బు చేసిన రోజు కూడా జీతం వస్తుందనీ, మనిషి పోతే భార్యకి పింఛను వస్తుందనీ గురువమ్మకి తెలుసు. ఆమెకు కావలసింది ఆ రెండూ కాదు. ఆఫీసు గోడమీద అతికించే పర్మనెంటు వాళ్ల జాబితాలో మొగుడి పేరు ఉండాలి. ఎందుకంటే అప్పటికి అతని పేరు ఉన్న జాబితా ఊళ్లో ఒక్కటే, అది పోలీసు థానాలో ఉంది.

ఎనభై ఆరులో నలుగురు కుర్రాళ్లు రైలు పట్టాల పక్క పడున్న రాగితీగ కట్ట ఎత్తుకుపోయి అమ్మేశారు. నలుగురిలో సోములు ఒకడు. మూడు నెలలు కోరాపుట్ జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక మిగతా ముగ్గురూ విజయనగరం వైపు వెళ్లిపోయారు. ఇక్కడ పెళ్లాం ఉంది కనక సోములు ఇక్కడికే వచ్చాడు. తొంభైలో కొత్త బడబాబు వచ్చాడు. థానా పెద్దాఫీసర్ని అక్కడ బడబాబు అంటారు. ఊళ్లో పాత నేరస్తుల జాబితా ఒకటి రాయించమన్నాడు. ఊరు వదిలిపోయిన వాళ్లని రాసి ఏం లాభం? ఉన్నవాళ్లని రాశారు. అలా సోములు దాగీ అయ్యాడు. మచ్చపడ్డవాడని ఆ మాటకి అర్థం.

దాగీలకి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఆషాఢంలో జగన్నాథుడి రథం కదిలే ముందురోజు పొద్దున్న జాబితాలో ఉన్న పన్నెండుమందీ దుప్పటీ, కంచం పట్టుకుని థానాకి వెళ్లాలి. రథం తిరిగొచ్చేదాకా ఆ తొమ్మిది పది రోజులూ వరండాలో కూర్చోవాలి. జనం అంతా రథం దగ్గరుంటే ఇళ్లు ఖాళీ కదా, వీళ్లు కళ్ల ముందుంటే దొంగతనాలు ఉండవని లెక్క. మొదటి రెండేళ్లూ జీపు వచ్చి తీసుకెళ్లింది. తరవాత జీపు అక్కర్లేకపోయింది. వాళ్లే వెళ్లేవారు. గడ్డి పీకేవారు, గోడలకి సున్నం వేసేవారు, బందోబస్తుకి వచ్చిన పోలీసుల వంటకి ఉల్లిపాయలు తరిగేవారు. థానా కుళాయి ఏడాదంతా కారుతూ ఉండి, రథానికి సోములు వచ్చినప్పుడు బాగయ్యేది.

ఆ పది రోజులూ వాల్వులు గురువమ్మే తిప్పేది. తెల్లారకముందే రథం వీధి ఊడ్చి, ఆరింటికి ట్యాంకు దగ్గరుండేది. ఓవర్సీరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. కుళాయి దగ్గర పక్కింటి అమ్మన్నమ్మకి అదే వేళాకోళం.

“ఏటే గురువా, నీ మొగుడు ఈ యేడు కూడా అత్తోరింటికెల్లేడా? కొత్త బట్టలెట్టేరా?”

“ఎట్టేరు. నీ మొగుణ్ని కూడా తోలమన్నారు. నడుం కొలతియ్యి, సెప్తాను.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. గురువమ్మ కూడా నవ్వేది. పదేళ్ల పాటు ఏడాదికోసారి అదే మాట, అదే నవ్వు.

రెండువేల ఒకటిలో లిప్సా అనే అమ్మాయి వచ్చింది. భువనేశ్వర్‌లో చదువు. నేరం చేసినవాళ్లని చుట్టూ ఉన్న సమాజం ఎలా చూస్తుంది, ఆ చూపు వాళ్లని ఏం చేస్తుంది అనేది ఆమె పరిశోధన. అచ్చేసిన ప్రశ్నల కాయితాలు సంచీ నిండా ఉండేవి. దాగీల ఇళ్లకి ఒక్కొక్కదానికీ వెళ్లి కూర్చునేది. గురువమ్మని మాఉసీ అని పిలిచేది, అంటే పిన్నీ అని. గురువమ్మకి ఒడియా బజారుకి సరిపడా వచ్చు, ఆ పిల్లకి తెలుగు రాదు, అయినా ఇద్దరికీ మాట కుదిరింది. ఆమె ఒడియాలో ఏమడిగినా గురువమ్మ సగం తెలుగులోనే చెప్పేది.

మొదటి నేరానికి ముందు ఇరుగుపొరుగు అతన్ని ఏమని పిలిచేవారని కాయితంలో ఉంది.

“సోములనే,” అంది గురువమ్మ.

తరవాత?

“తరవాతా సోములనే. ముందు పోలీసోల్లు దాగీ అన్నారు. తరవాత బజారోల్లు. మరింక నానూ ఓపాలి అన్నానమ్మి, కోపంలో. ఆ పూట మావ అన్నం తిన్నేదు.”

లిప్సా అది రాసుకుంది. మిగతా ముగ్గురి సంగతి విని, అయితే తీగ ఎత్తుకుపోయినందుకు కాదు, ఊరొదలనందుకు పేరెక్కిందన్నమాట అంది. గురువమ్మ ఎప్పుడూ అలా ఆలోచించలేదు. ఆలోచించాక, తన కోసమే కదా ఊరొదల్లేదు అని తట్టింది. ఆ మాట లిప్సాకి చెప్పలేదు. కాయితంలో దానికి ప్రశ్న లేదు.

ఆ పిల్ల కాయితాలు నింపుకుని వెళ్లిపోతుందనుకున్నారు. వెళ్లలేదు. పదిహేనేళ్లుగా ఏ కేసూ లేనివాళ్ల పేర్లు తీసెయ్యాలని రూలుందని ఎక్కడో వెతికి, సోములు చేత వేలిముద్ర వేయించి, జిల్లా ఆఫీసుకి అర్జీ పెట్టింది. ఏడాదిన్నర తిరిగింది. రెండువేల మూడు వేసవిలో సోములుని థానాకి పిలిచి, జాబితా తీసి, అతని పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి చూపించారు. సోములు ఇంటికొచ్చి, గీత వంకరగా వచ్చిందని మాత్రం చెప్పాడు.

సరిగ్గా ఆ నెలలోనే కౌన్సిల్‌లో పాత రోజుకూలీలని పర్మనెంటు చెయ్యాలని తీర్మానం అయింది. పోలీసు విచారణ కాయితం శుభ్రంగా రావాలి, అంతే. ఆఫీసు హెడ్డు గుమస్తా రామలింగం తెలుగువాడే. గురువమ్మని పిలిచి, ఇన్నాళ్లకి మంచిరోజులొచ్చాయని చెప్పాడు. గురువమ్మ ఆ రోజు చేపలు కొంది.

రథం దగ్గరపడింది. సోములుకి కాలు నిలవలేదు. ముందురోజు పొద్దున్న గురువమ్మ లేచేసరికి దుప్పటి మడతపెట్టి గుమ్మంలో ఉంది.

“ఎక్కడికి?” అంది గురువమ్మ.

“ఎల్లి కూకుంతాను.”

“పేరు కొట్టీసినాక ఎందుకెల్తావు?”

“అక్కడుంతే నా మీద మాట రాదే. పదమూడేల్లు ఒక్క మాట రానేదు.”

గురువమ్మ దుప్పటి తీసుకెళ్లి లోపల పెట్టేసింది. అందరితోపాటు వెళ్లి తాడు పట్టుకోమంది. నువ్వు మనిషివి కావా అంది. లిప్సా వాడే మాట ఒకటి కూడా వాడింది, హక్కు అని. సోములు పెళ్లాం మాట కాదనే మనిషి కాదు. మర్నాడు ఉతికిన చొక్కా తొడుక్కుని, పదమూడేళ్ల తరవాత రథం తాడు పట్టుకున్నాడు. వానజల్లు పడుతోంది. చీపురు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డ గురువమ్మకి వందల చేతుల మధ్య ఆ రెండు చేతులే కనిపించాయి.

తాడు లాగుతున్న ఆ రెండు గంటల్లోనే బజారులో మహేశ్వరరావు హోల్‌సేల్ బట్టల కొట్టు వెనక తాళం పగిలింది. చీరల బేళ్లు నాలుగు పోయాయి.

థానాలో పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. జాబితాలో పదకొండుమందీ వరండాలో ఉన్నారు. పాతవాళ్లలో ఆ ఏడాది వచ్చి కూర్చోనివాడు ఒక్కడే. తాడు దగ్గరున్నాడని చూసినవాళ్లు వందమంది ఉన్నారు, కాని ఆ గుంపులో ఎవరు ఎప్పుడున్నారో, ఎప్పుడు లేరో ఎవరు చెప్పగలరు? వరండా అయితే లెక్క ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి జీపు గేటు దాటి వచ్చింది. సోములు అప్పటికే గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. పిలవకముందే ఎక్కి కూర్చున్నాడు.

మర్నాడు ఊడుపు అయ్యాక గురువమ్మ మహేశ్వరరావు కొట్టుకెళ్లింది. ఆయనది తాతలనాడు బొబ్బిలి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. లోపలికి రమ్మనలేదు కాని, కొట్టు ముందు ఇరవయ్యేళ్లుగా ఊడుస్తున్న మనిషి కనక మెట్టు దాకా వచ్చి మాట్లాడాడు. సోములు పేరు నువ్వు చెప్పావా బాబూ అని అడిగింది.

“నేను పేరు చెప్పలేదు గురువమ్మా. ఎవరిమీదైనా అనుమానమా అన్నారు, లేదన్నాను. ఈ యేడు వరండాలో ఎవరు కూర్చోలేదో తెలుసా అన్నారు. ఊరందరికీ తెలిసిందే కదా. అదే చెప్పేను.”

ఆయన మొహంలో కపటం లేదు. నిజంగానే తను ఎవరి పేరూ చెప్పలేదని అనుకుంటున్నాడు. గురువమ్మ దండం పెట్టి వచ్చేసింది.

ఆరో రోజున బేళ్లు దొరికాయి. సెమిలిగుడ దగ్గర ఆగిన లారీలో ఉన్నాయి. డ్రైవరూ క్లీనరూ ఈ ఊరివాళ్లే కారు. సోములుని తీసుకుపొమ్మని కబురొచ్చింది. అరికాళ్లు వాచిపోయి అతను నిలబడలేకపోయాడు. గురువమ్మ చెత్త తోసే బండి కుళాయి దగ్గర కడిగి, దాంట్లో గోనె పరిచి, మొగుణ్ని కూర్చోబెట్టి తోసుకుంటూ తీసుకొచ్చింది. థానా నుంచి గేటు దాకా మూడు వీధులు. రథం తిరుగు ప్రయాణానికి రంగుకాగితాలు కడుతున్నవాళ్లు పక్కకి జరిగి దారిచ్చారు. గేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా ఆగాల్సి వచ్చింది. పెట్టెలు ఎన్నో ఉన్నాయి. సోములు వాటి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆమె బండి పిడి పట్టుకుని నిలబడింది.

కుళాయి దగ్గర అమ్మన్నమ్మ ఆ ఏడాది వేళాకోళం ఆడలేదు. పసుపూ ఉప్పూ వేసి కాచిన నీళ్ల గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

నెల తరవాత రామలింగం పిలిచాడు. విచారణ కాయితం వచ్చిందనీ, అనుమానితుడు, విచారణలో ఉన్నాడు అని దాంట్లో రాసుందనీ చెప్పాడు. సోములు థానాలో ఉన్న ఆరు రోజుల్లోనే ఆ కాయితం నింపి పంపేశారు.

“ఒగ్గీసేరు కద బాబూ,” అంది గురువమ్మ.

“ఒగ్గేసినట్టు కాయితం రావాలి కదా.”

ఆమె థానాకెళ్లి ఆ కాయితం అడిగింది. అక్కడి రైటరు విసుక్కోకుండానే చెప్పాడు. కేసు రాస్తే కదా కొట్టేసినట్టు కాయితం ఇవ్వడానికి. కేసే రాయలేదు. రాయనిదాన్ని ఎలా కొట్టేస్తాం? గురువమ్మ ఆ మాట మోసుకుని మళ్లీ రామలింగం దగ్గరికొచ్చింది. ఆయన కాసేపు బల్లమీద వేళ్లతో కొట్టి, ఒక దారి చెప్పాడు. వచ్చే ఏడు రథం దాటాక రెండో జాబితా వేస్తారు. అప్పుడు కొత్త విచారణ కాయితం తెప్పిస్తాను. ఈ లోపల సోములు థానా గడప తొక్కకూడదు. వరండాలో కూర్చున్నా అది రిజిస్టరులో పడుతుంది, రిజిస్టరులో పడితే కాయితమ్మీదికొస్తుంది. అది వచ్చిందా, ఇంక ఫైలు మూసెయ్యడమే, నన్నడక్కు అన్నాడు.

ఆ చలికాలం లిప్సా మళ్లీ వచ్చింది. పరిశోధన అయిపోయిందిట. నల్ల అట్ట వేసిన లావుపాటి పుస్తకం తెచ్చి చూపించింది. పేర్లు వేయకూడదు కనక సోములు అందులో పదకొండో నంబరు. జాబితా నుంచి పేరు తీసేస్తే మనిషి తిరిగి నలుగురిలో కలుస్తాడని చెప్పడానికి అతన్నే ఉదాహరణగా రాసింది. ఆ పేజీ తీసి ఒడియాలో చదివి వినిపించింది. రథం తాడు పట్టుకున్న సంగతి కూడా ఉంది. ముందే గురువమ్మ ఉత్సాహంగా ఫోను బూతు నుంచి చెప్పిన సంగతి అది, రథానికి ముందురోజు, ఇంకా జరగకముందే.

సోములు ఎలా ఉన్నాడని అడిగింది.

“బాగున్నాడమ్మి,” అంది గురువమ్మ.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. పుస్తకం అట్ట వేసేశారు కదా అనిపించింది. కాని పెరట్లో కాళ్లు చాపుకుని ఎండలో కూర్చున్న సోములు విన్నాడు. గోడ పట్టుకుని లేచి వచ్చాడు. ఆ నడక చూసి లిప్సా పుస్తకం మూసేసింది.

“అమ్మీ, నాను మారిపోయేనని రాసేరేటి?” అన్నాడు. మాటలో కోపం లేదు. “ముందేటున్నాను? ఇప్పుడేటయ్యేను? అది కూడా రాసుంతే ఓపాలి సదివి సెప్పు. నాకు తెల్దు.”

లిప్సాకి తెలుగు రాదు. గురువమ్మ ఒడియాలోకి మార్చి చెప్పింది, ఒక్క మాట వదలకుండా. తరవాత జరిగింది కూడా చెప్పింది. ఆ పిల్ల ఏడవలేదు, క్షమించమనీ అనలేదు. వెళ్లేటప్పుడు పుస్తకం అక్కడ వదిలిపెట్టలేదు, సంచిలో పెట్టుకుని తీసుకుపోయింది. గురువమ్మకి అది నచ్చింది.

మళ్లీ ఆషాఢం వచ్చింది. పది రోజుల ముందు నుంచే సోములు తినడం తగ్గించాడు. రాత్రి ఎప్పుడు చూసినా మెలకువగానే ఉండేవాడు. ఒక పొద్దున్న ఆఫీసు కాలనీ వాల్వు తిప్పబోయి బజారు వాల్వు తిప్పేశాడు. పదిహేడేళ్లలో అలాంటి పొరపాటు చెయ్యలేదు. గేటు దగ్గర జీపు చప్పుడైతే చేతిలో ఉన్నది కింద పెట్టేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. జీపు దాటిపోయాక కూడా లోపలికి వచ్చేవాడు కాదు. వెళ్లి కూర్చుంటానని మాత్రం ఒక్కసారీ అనలేదు. నిరుడు గురువమ్మ వద్దంది. ఆ మాట అతనికి ఇంకా అమల్లో ఉంది.

రామలింగం రెండుసార్లు గుర్తుచేశాడు. పదిహేను రోజులు ఓపిక పట్టమన్నాడు. ఊళ్లో ఏ తాళమూ పగలకపోతే చాలు, ఆగస్టు కల్లా గోడమీద పేరుంటుందన్నాడు. ఏ తాళమూ పగలకపోతే. గురువమ్మ ఊడుస్తూ ఊడుస్తూ బజారులో కొట్లకున్న తాళాలు చూసింది. ముందువైపువే వందకి పైన ఉన్నాయి. వెనకవైపు ఎన్నో.

రథానికి ముందురోజు పొద్దున్న ఆమె అన్నం కలిపి ముద్ద చేతికిస్తే సోములు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ముద్ద ఎండిపోయేదాకా కూర్చున్నాడు. ఆమె అది చేతిలోంచి తీసి కంచంలో పెట్టింది.

“ఎల్దాం పద మావా,” అంది.

“ఎక్కడికి?”

“నీకు తెల్దేటి?”

అతను లేచాడు. ఈసారి ఆమె కూడా వెళ్లింది. థానాలో బడబాబు మారాడు. రైటరు మాత్రం పాతవాడే. వరండాలో అప్పటికే ఏడెనిమిదిమంది చేరారు. జరిగి సోములుకి గోడ వారగా చోటిచ్చారు. రైటరు జాబితా చూసి, ఇతని పేరు కొట్టేశాం కదా, ఎందుకొచ్చాడన్నాడు.

“పేరు నేకపోతే మానె బాబూ. కూకోనీండి,” అంది గురువమ్మ.

పేరు లేకుండా మనిషిని థానాలో ఉంచుకుంటే రేపు అడిగితే ఏం చెప్పాలని రైటరు అన్నాడు. రాస్తేనే ఉండనిస్తాను, లేదంటే తీసుకుపొమ్మన్నాడు. అతను నిజంగానే మంచి మాటగా చెప్పాడు. కలం మూత తీయలేదు కూడా.

“అయితే రాయండి.”

“రాస్తే ఆఫీసుకెళ్తుంది. తెలుసా?”

“తెలుసు బాబూ.”

“మళ్లీ కొట్టెయ్యమని ఆ చదువుకున్న పిల్లని తీసుకురాకు.”

“తేను.”

రైటరు సోములు వైపు చూసి, ఏమంటావన్నాడు. సోములు పెళ్లాం వైపు చూశాడు. ఆమె తలూపింది. రైటరు కలం మూత తీసి, అడుగున ఖాళీగా ఉన్న చోట పన్నెండు అని అంకె వేసి, పేరు రాసి, తండ్రి పేరు అడిగాడు. ఆ పేరు గురువమ్మే చెప్పింది. సాక్షి అని ఉన్న చోట వేలిముద్ర వెయ్యమంటే వేసింది. సిరా తుడుచుకోవడానికి గోడ చూపించాడు. గోడకి కొత్తగా సున్నం వేసుంది కనక ఆమె చీరకే తుడుచుకుంది.

వరండాలోకి వచ్చేసరికి సోములు గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పక్కవాడు లేపబోతే గురువమ్మ వద్దంది. ఆయన లేచాక ఎవరైనా ఇంత అన్నం పెట్టండని చెప్పి, మెట్లు దిగింది.